837 కిలోహెర్ట్జ్: విజయవాడ మీడియం వేవ్

మా ఊరు జగ్గయ్యపేట పక్కన. కుట్టు మిషన్ దగ్గర రోజంతా రేడియో మోగాల్సిందే. ఇదివరకు ఒక ప్రైవేటు ఎఫ్ఎం పెట్టేదాన్ని. మధ్యాహ్నం వచ్చే పాత పాటలు తీసేసి, గంటలకొద్దీ కబుర్లు, ప్రకటనలు పెట్టారు. పైగా మా ఇంట్లో అది సరిగా అందేది కాదు. ఎఫ్ఎం తరంగం చూపు సాగినట్టు నేరుగా పోతుంది, కొండ అడ్డొస్తే అంతే. మీడియం వేవ్ అనే ఇంకో రకం రేడియో తరంగం నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వస్తుంది, రాత్రయితే ఇంకా దూరం.

అందుకే ఇప్పుడు మీడియం వేవ్‌లో 837 మీద వచ్చే ఆకాశవాణి విజయవాడ. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం ఇది. పొద్దున్నే భక్తిరంజనితోనే నాకు తెల్లవారుతుంది. ప్రాంతీయ వార్తలు అరుపులు లేకుండా, అక్షరం స్పష్టంగా చదువుతారు. ఆ ఉచ్చారణ వింటుంటే ప్రాణం లేచొస్తుంది!

గరగర వస్తే ఏరియల్ లాగకండి, అది ఎఫ్ఎంకే. మీడియం వేవ్‌కి సెట్టు లోపలే ఏరియల్‌గా పనిచేసే కడ్డీ ఉంటుంది, సెట్టునే మెల్లగా పక్కకు తిప్పండి. ఎల్ఈడీ బల్బుకీ ఫోన్ ఛార్జరుకీ దూరంగా పెట్టండి. రేడియో లేనివాళ్లకి న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్ ఉంది, కానీ డేటా ఖర్చవుతుంది. కొనేటప్పుడు సెట్టు మీద ఎఎం లేదా ఎండబ్ల్యూ (మీడియం వేవ్ వస్తుందని గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. ఒట్టి ఎఫ్ఎం సెట్లో ఈ స్టేషన్ దొరకదు.