హన్మకొండ మెడికల్ షాపులు: కడుపుతో ఉన్నవాళ్లకు కౌంటర్ దగ్గర ఎట్లాంటి సేవ అందుతోంది?

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి దగ్గర, నక్కలగుట్ట ఆస్పత్రుల వీధుల్లో, హన్మకొండ చౌరస్తా చుట్టూ మెడికల్ షాపులకు కొదువ లేదు. చిట్టీ ఇస్తే నిమిషాల్లో మందులు చేతికొస్తాయి. ప్రసూతి ఆస్పత్రుల పక్క షాపుల్లో బీపీకి లాబెటలాల్, మిథైల్‌డోపా, వాంతులకు డాక్సిలమిన్ లాంటివి అడగ్గానే దొరుకుతాయి. ఇంతవరకు మంచి మార్కులే. చిట్టీ లేకుండా వెళ్లినప్పుడే అసలు పరీక్ష, చాలా కౌంటర్లు తప్పేది అక్కడే.

నడుం నొప్పికి గోలి అడిగితే "ఎన్నో నెల?" అని అడిగేవాళ్లు తక్కువ. ఉత్త పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిపిన గోలి ఇచ్చేస్తారు. పేరు చివర 'పి' ఉంది కదా, పారాసిటమాలే అనుకుని కొన్నవాళ్లూ వేసుకుంటారు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒకే కుటుంబం. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు. ఏడో నెల తర్వాత, పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం కడుపులోనే మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే, కాబట్టి వేయించుకునే ముందు పేరు అడగండి. అదే కుటుంబంలో ఒక్క మినహాయింపు: బీపీ పెరిగే ముప్పు ఉన్నవాళ్లకు డాక్టర్ రాసే చిన్న డోసు ఆస్పిరిన్ (75 లేదా 150 మి.గ్రా.). దాన్ని ఈ భయంతో సొంతంగా ఆపొద్దు.

ఇంకో పెద్ద లోపం, పాత స్ట్రిప్ చూపిస్తే అదే మందు ఇచ్చేయడం. నెల తప్పకముందు నుంచి బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్న మనిషి ఖాళీ స్ట్రిప్ తెస్తుంది, షాపులో కొత్తది ఇస్తారు. నాలుగో నెల నుంచి ఈ మందు బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తుంది. నెల తప్పిందని తెలియగానే డాక్టర్ దగ్గరికి వెళ్తే లాబెటలాల్‌కో నిఫెడిపిన్‌కో మారుస్తారు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్‌తో ముప్పు ఇంకా ఎక్కువ, బిడ్డ వెన్ను, మెదడు రెండూ దెబ్బతినొచ్చు. అట్లని ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కావచ్చు. గర్భం కోసం అనుకుంటున్నప్పుడే న్యూరాలజిస్టును కలవాలి. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్ ఏదైనా చిట్టీ మీదే ఇవ్వాలి, దాన్ని గట్టిగా పాటించే షాపునే నమ్మండి.

కవరు మీద 1-0-0 అని రాసే పద్ధతి కూడా మారాలి. థైరాయిడ్, ఐరన్, కాల్షియం మూడింటికీ 'పొద్దున' అని రాసి ఉంటే మూడూ ఒకే గుక్కలో మింగేస్తారు. ఐరన్, కాల్షియం థైరాయిడ్ గోలీలోని మందును (థైరాక్సిన్) పేగుల్లోనే పట్టేస్తాయి, ఒంటికి అందదు. థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగితే డోసు చాల్లేదనుకుంటారు. నిజానికి గర్భంలో ఆ డోసు పెంచాల్సి రావడం మామూలే, కానీ ముందు వేళలు సరిచూడాలి. పొద్దున 6 గంటలకు పరగడుపున థైరాయిడ్ గోలి, మధ్యాహ్నం అన్నంతో ఒక కాల్షియం, రాత్రి 7:30కి అన్నంతో రెండోది, 10 గంటలకు నిమ్మరసం నీళ్లతో ఐరన్. ఐరన్‌కు ముందూ వెనకా చాయ్ వద్దు. మలం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి ఆపకండి.

ఈ ఐరన్, కాల్షియం గోలీలకు షాపులో డబ్బు పెట్టనక్కర్లేదు. పీహెచ్‌సీల్లో, వరంగల్ సీకేఎం, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ప్రభుత్వ ఐరన్ గోలీలో ఇనుము 60 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. రక్తం తక్కువుంటే డాక్టర్ రెండు రాస్తారు. జన ఔషధి దుకాణాల్లో మందు పేరు పెద్దగా ముద్రించి ఉంటుంది, సరిచూసుకోవడం తేలిక.

మొత్తంగా ఐదుకు మూడు. చిట్టీ ఉంటే నాలుగు, లేకుంటే రెండు. కౌంటర్ దగ్గర ముందు ఎంసీపీ కార్డు (గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) చూపించండి. బ్రాండ్ మారిస్తే స్ట్రిప్ వెనక లోపలి మందు పేరూ మిల్లీగ్రాములూ చిట్టీతో పోల్చండి. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క అడగండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి.

నెల తప్పిందని తెలియక ముందే ఏదైనా గోలి వేసుకుని ఉంటే కంగారుపడి ఏ నిర్ణయానికీ రావొద్దు. ఒకటి రెండు గోలీలకే గర్భం తీయించుకోవాల్సిన అవసరం చాలా అరుదు. స్ట్రిప్ పారేయకుండా గైనకాలజిస్టుకు చూపించండి. ఎంత డోసు, ఎన్ని రోజులు, చివరి నెలసరి తేదీ చెప్తే, ఆ మందు వల్ల ముప్పు ఉందా, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో ఏం ప్రత్యేకంగా చూడాలి అన్నది ఆమె తేల్చగలరు.