జూనియర్ లీగా, కాలేజీ హాకీయా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మీద కన్నేసిన కుర్రాడు మొన్నమొన్నటిదాకా పదహారేళ్లకే దారి తేల్చుకోవాల్సి వచ్చేది. కెనడాలో టీనేజ్ ఆటగాళ్ల పైస్థాయి లీగులైన మేజర్ జూనియర్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీ తలుపులు దాదాపు మూసుకుపోయేవి. 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు తొలగింది.

జూనియర్‌లో ఆటలెక్కువ. ఆ లీగుల్లో ఒకటైన ఓహెచ్‌ఎల్‌లో సీజన్‌కు 68 మ్యాచ్‌లు, మధ్యలో సుదీర్ఘ బస్సు ప్రయాణాలు. ప్రొ సీజన్ రుచి ముందే తెలుస్తుంది, కానీ కండ పెంచుకోవడానికి టైముండదు. బక్కపలచటి ఆటగాడు ఫిబ్రవరికల్లా బరువు తగ్గి, మంచు మైదానం చుట్టూ ఉండే బోర్డుల దగ్గర పక్ (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) కోసం జరిగే పెనుగులాటలో తేలిపోతాడు. ప్రత్యర్థులు మాత్రం 16-20 ఏళ్లవాళ్లే.

కాలేజీలో ఆటలు దాదాపు సగమే, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. మిగతా రోజులు జిమ్ముకీ ప్రాక్టీసుకీ దక్కుతాయి. ఎదురుగా 23 ఏళ్ల గట్టి శరీరాలుంటాయి. ముఖమంతా కప్పే జాలి అక్కడ తప్పనిసరి. ప్రొలో ముఖం పై సగాన్నే కప్పే విజర్‌కు మారాక, ఎత్తిన స్టిక్కులకు గడ్డం అందకుండా చూసుకోవడం కొత్తగా అలవాటు చేసుకోవాలి.

సిడ్నీ క్రాస్బీ రిమూస్కీ జూనియర్ జట్టు నుంచి నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లి, 2009లో 21 ఏళ్లకే కెప్టెన్‌గా ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. అలాంటివాడికి కాలేజీ అక్కర్లేదు. కేల్ మకార్ మసాచుసెట్స్ యూనివర్సిటీలో రెండేళ్లు ఆడి, 2019లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కొలరాడోలో చేరి, 2022లో కప్‌తోపాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ కూడా గెలిచాడు. డిఫెన్స్‌మన్‌కీ, ఆలస్యంగా ఎదిగేవాడికీ మా ఓటు కాలేజీకే. పద్దెనిమిది దాకా జూనియర్, ఆపైన కాలేజీ అనే కలగలుపు దారి కూడా ఇప్పుడుంది.