ఎలక్ట్రిక్ సైకిల్ మీద కొండదారి: బస, చార్జింగ్, వారంటీ

ఏటిగట్టు దారి చదునుగా, నీడగా ఉంటుంది. అక్కడ ఏ ఎలక్ట్రిక్ సైకిలైనా హాయిగా సాగిపోతుంది. బండి సత్తా తెలిసేది కొండ ఎక్కేటప్పుడే. చదునులో వచ్చిన మైలేజీలో సగం కూడా పైకి వెళ్లేటప్పుడు రాలేదు. ఆగకుండా ఎక్కిస్తే మోటారు వేడెక్కి తనంతట తానే జోరు తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, కాలిపోకుండా పెట్టిన ఏర్పాటు. కాసేపు నీడన నిలిపితే చాలు.

మాకొచ్చిన తిప్పలు వేరు. రాత్రంతా వాన కురిసిన మర్నాడు, తొక్కుతుండగానే మోటారు ఆగిపోవడం మొదలైంది. తెర మీద ఎర్రర్ కోడ్. చక్రం ఊచకు బిగించిన అయస్కాంతం, వేగం కొలిచే సెన్సర్‌కు ఎదురుగానే ఉంది, కాబట్టి తప్పు అక్కడ లేదు. వైర్ల కనెక్టర్ విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము! వానలో తిరగాల్సిన బండికి ఇది ముమ్మాటికీ తయారీ లోపమే.

కొండ కింద లాడ్జిలో గది చాలా బాగుంది, కానీ సైకిల్ ఆరుబయటే పెట్టాలి, చార్జింగ్‌కు చోటు లేదు. పైన ఒక ఇంటివాళ్లు ఇచ్చిన గది ఇరుకే. అయితే వసారాకు తాళం, గోడకు మంచి ప్లగ్ ఉన్నాయి. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. పడకగదిలో కాకుండా వసారాలో, మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ చేసుకోవచ్చు. చలి సున్నా డిగ్రీల కంటే దిగితే మాత్రం బ్యాటరీని లోపలికి తెచ్చి, చల్లదనం పోయాకే చార్జింగ్ పెట్టాలి. లేకపోతే లిథియం సెల్స్ పాడవుతాయి.

సర్వీసు విషయంలో చిన్న మెకానిక్‌కే నా ఓటు. పిన్నులు శుభ్రం చేసి, ఏం చూశాడో కాగితం మీద రాసిచ్చాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనేమో బండి విప్పకుండానే "లోపలికి నీళ్లు పోయాయి, వారంటీ రాదు" అన్నారు. అమ్మినవాళ్లను అడిగితే "కంపెనీతో మాట్లాడుకోండి" అన్నారు.

ఈ మాటతో వెనక్కి రాకండి. కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, చట్టం ఇచ్చే హక్కు వేరు. యూరోపియన్ యూనియన్‌లో వస్తువు చేతికి అందాక కనీసం 2 ఏళ్ల వరకు బాధ్యత అమ్మినవాళ్లదే. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదంటే వాళ్లే నిరూపించుకోవాలి. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి డబ్బు వెనక్కి అడగొచ్చు. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎక్కడ కొన్నా, మనం ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. గడువు 2 ఏళ్లు.

ఎర్రర్ కోడ్ వీడియో, చిలుము ఫొటోలు, మెకానిక్ కాగితం, బిల్లు అన్నీ జతచేసి అమ్మినవాళ్లకే రాతపూర్వకంగా పంపాను. అప్పుడుగానీ వాళ్లలో చలనం రాలేదు. వైరింగ్ మొత్తం ఉచితంగా మార్చారు. లోపం బ్యాటరీలో ఉంటే ఇంకా ఆలస్యమయ్యేది. ఎందుకంటే సామర్థ్యం 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో లగేజీగా తీసుకెళ్లనివ్వరు, సైకిల్ బ్యాటరీలు చాలావరకు అంతకంటే పెద్దవే. దూరం వెళ్లేవాళ్లు దారిలో సర్వీసు ఎక్కడ దొరుకుతుందో బయల్దేరకముందే కనుక్కోండి.