మ్యాథ్‌జాబ్స్: స్టాటిస్టిక్స్ అధ్యాపక ఉద్యోగాలకు ఎంతవరకు అక్కరకు వస్తుంది?

అమెరికాలో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ ముగించి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ప్రయత్నించేవారికి సీనియర్లు ముందుగా చెప్పే పేర్లలో మ్యాథ్‌జాబ్స్ ఒకటి. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ, డ్యూక్ విశ్వవిద్యాలయం కలిసి అందించిన, ఉద్యోగ ప్రకటనలు చూసి అక్కడే దరఖాస్తు చేసుకునే ఈ ఆన్‌లైన్ సేవను నేను మొదట అభ్యర్థిగానూ, కొన్నేళ్ల తరువాత ఎంపిక కమిటీ సభ్యుడిగానూ వాడాను. సిఫారసు లేఖల విషయంలో ఇది చేసే మేలు చాలా పెద్దదని, అయినా స్టాటిస్టిక్స్ వాళ్లం ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లమేనని ఆ రెండు అనుభవాల వల్ల నాకు అర్థమైంది.

ముందు లేఖల సంగతి చెప్పాలి. ఒక అభ్యర్థి యాభై, అరవై చోట్ల దరఖాస్తు చేయడం ఇక్కడ మామూలే; ఒక్కో చోట కనీసం మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. మ్యాథ్‌జాబ్స్‌లో గురువు తన లేఖను ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఏ ఉద్యోగానికి ఎవరి లేఖ వెళ్లాలో అభ్యర్థి ఎంచుకోవచ్చు, కానీ ఆ లేఖలో ఏముందో అతనికి కనిపించదు. ఇది ఎంత ఊరటో తెలియాలంటే విశ్వవిద్యాలయాల సొంత పోర్టళ్లతో ఒకసారి వేగి చూడాలి. పేరు అనవసరం గాని, అలాంటి ఒక పోర్టల్ నా సీవీని ఫైలుగా తీసుకొని కూడా, అందులోని ప్రతి డిగ్రీనీ, ప్రతి ఉద్యోగాన్నీ మళ్లీ గడుల్లో టైపు చేయించింది. విశాఖలో ఉన్న మా ఎమ్మెస్సీ గురువుగారికి అది పంపిన లింకు స్పామ్‌లోకి పోయి, ఆయన చూసేసరికి గడువు తీరిపోయింది. ఆ వయసులో ఆయనను మళ్లీ మళ్లీ అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇక ఇబ్బంది దగ్గరికి వద్దాం. దరఖాస్తుతో పాటు నింపే కవర్ షీట్‌లో మన పరిశోధనాంశాన్ని గణిత విషయ వర్గీకరణలోని సంఖ్యతో చెప్పాలి. ఆ వర్గీకరణలో సంభావ్యతకు 60, స్టాటిస్టిక్స్ మొత్తానికి 62. బీజగణితం, జ్యామితి, విశ్లేషణ వంటివి ఎన్నో సంఖ్యల మధ్య విస్తరించి ఉండగా, క్లినికల్ ట్రయల్స్ చేసేవారూ, నాన్‌పారామెట్రిక్ సిద్ధాంతం చేసేవారూ, సర్వే శాంప్లింగ్ చేసేవారూ అందరూ ఒకే అంకె కింద సర్దుకోవాలి. ఉపవిభాగాలు లేకపోలేదు, అయితే మన పనిని అసలుగా చెప్పేది రీసెర్చ్ స్టేట్‌మెంటే కాబట్టి, ఆ గడి గురించి ఎక్కువ బెంగ పెట్టుకోనక్కరలేదు.

అంతకంటే పెద్ద లోటు ప్రకటనలలో ఉంది. గణితం, స్టాటిస్టిక్స్ కలిసి ఒకే విభాగంగా ఉన్న విశ్వవిద్యాలయాల ప్రకటనలు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశాలు ఇక్కడ బాగానే దొరుకుతాయి. స్టాటిస్టిక్స్ ప్రత్యేక విభాగాలలో చాలా భాగం మాత్రం వేరే దారులు పట్టాయి: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు క్యాంపస్‌లకు రిక్రూట్ అనే సొంత దరఖాస్తు వ్యవస్థ ఉంది, కొన్ని విభాగాలు ఇంటర్‌ఫోలియో అనే దరఖాస్తు సేవను, మరికొన్ని అకడమిక్ జాబ్స్ ఆన్‌లైన్ అనే మరో సేవను వాడతాయి, ప్రజారోగ్య కళాశాలల్లోని బయోస్టాటిస్టిక్స్ విభాగాలూ, బిజినెస్ స్కూళ్లూ తరచుగా తమ విశ్వవిద్యాలయపు పోర్టల్‌లోనే దరఖాస్తు చేయమంటాయి. కాబట్టి మ్యాథ్‌జాబ్స్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మన రంగంలోని అవకాశాలలో పెద్ద భాగం కంటపడదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ వారి ఉద్యోగ ప్రకటనలనూ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ వారి ప్రకటనలనూ పక్కన పెట్టుకొని చూసుకోవలసిందే.

కమిటీ వైపు నుంచి చూస్తే ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కో అభ్యర్థి పత్రాలన్నీ ఒకేచోట ఉంటాయి, సభ్యులు ఎవరికి వారు చదివి తమ అభిప్రాయాలను అక్కడే రాసుకోవచ్చు. నిజం చెప్పాలంటే వందల దరఖాస్తులున్నప్పుడు మొదటి విడతలో ఎవరూ అన్నీ క్షుణ్ణంగా చదవరు. కవర్ లెటర్ మొదటి పేరా, సీవీ, లేఖల మీద చూపు పడుతుంది. మా విభాగానికి రాసిన కవర్ లెటర్‌లో వేరే విశ్వవిద్యాలయం పేరును మార్చకుండా వదిలేసిన దరఖాస్తులు ప్రతి ఏడూ కనిపిస్తూనే ఉన్నాయి. ఒకే పత్రాన్ని ఇట్టే పదిచోట్లకు పంపగల సౌకర్యమే దీనికి కొంత కారణమని నా అనుమానం.

అభ్యర్థులకు ఇది ఉచితం. ప్రకటన ఇచ్చే విభాగాలే రుసుము కడతాయి. టెన్యూర్ ట్రాక్ (తరువాత శాశ్వతం కాగల అధ్యాపక ఉద్యోగం) ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నుంచి మొదలై, గడువులు నవంబరు, డిసెంబరులలో పడతాయి గనుక, స్టాటిస్టిక్స్ వారి వార్షిక సమావేశాలైన జాయింట్ స్టాటిస్టికల్ మీటింగ్స్ ముగిసిన ఆగస్టులోనే ఖాతా తెరిచి, గురువులకు అప్పుడే కబురు పెట్టడం మంచిది. ముఖ్యంగా లేఖ రాసే గురువుగారు భారతదేశంలో ఉంటే, మొదటి లింకు అందిన రోజునే ఒకసారి ఫోన్ చేసి, అది స్పామ్‌లో పడిందేమో చూడమని అడగండి.