జునిపర్ ఎండుకొయ్యకు లైమ్ సల్ఫర్: ఏళ్ల తరబడి వాడాక

బోన్సాయ్‌లో బెరడు ఒలిచి వదిలిన జిన్ కొమ్మలకు, కాండం మీద బెరడు తీసిన షారి చారలకు నేను ఏళ్లుగా పూస్తున్నది లైమ్ సల్ఫరే. ఏడాదంతా పచ్చగా ఉండే జునిపర్ చెట్టు ఎండుకొయ్యను కాపాడటానికి ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. అయితే దీని పనంతా కొయ్య పైపొరలోనే.

సున్నం, గంధకం కలిపి ఉడికించిన ఈ ద్రావణం పూసినప్పుడు పసుపుగా ఉండి, ఎండకు ఆరేకొద్దీ తెల్లబడుతుంది. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది కాబట్టి ఆరుబయటే పూయాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆమ్లం తగిలితే విషవాయువు పుడుతుంది, కాబట్టి ఆమ్లాన్ని దీని దరిదాపులకు రానివ్వకండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది పూయడానికి ముందే. పాత టూత్‌బ్రష్‌తో పాచి అంతా రుద్ది కడిగి, కొయ్య ఇంకా చెమ్మగా ఉండగానే పూస్తాను. అలాగైతే మందు పీచులోకి ఇంకుతుంది. పొడి కొయ్య మీద అది పైనే నిలిచిపోయి, వెల్ల వేసిన గోడలా కనిపిస్తుంది. కుండీలోని మట్టిని ప్లాస్టిక్ కాగితంతో కప్పుతాను. ప్రాణమున్న బెరడు అంచుల్లో సన్న కుంచె వాడతాను. కొత్తగా చెక్కిన కొయ్యను మాత్రం దాని పచ్చిదనం బాగా ఆరాకే ముట్టుకుంటాను.

ఆ పాల తెలుపు నాకు నచ్చదు. పగుళ్లలో పూసే మందులో రెండు చుక్కల నల్ల సిరా కలిపితే లోతు కనిపిస్తుంది, వయసు తెలుస్తుంది. యంత్రంతో తొలిచిన గుండ్రటి గాట్లను మాత్రం ఏ పూతా దాచలేదు. పట్టకారుతో పీచును పట్టి, అది సాగిన దారినే చీల్చిన కొయ్యకు వచ్చే అందం వేరు. పూత ఆ అందాన్ని ఎత్తి చూపుతుంది, అంతే.

లైమ్ సల్ఫర్ చేతులెత్తేసేది మట్టిని తాకే చోట. నీళ్లు పోసిన ప్రతిసారీ ఆ భాగం నానుతుంది, పూత కొట్టుకుపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. అక్కడ కొయ్యలోకి ఇంకి దాన్ని గట్టిపరిచే పల్చటి ద్రవం, వుడ్ హార్డెనర్ కావాలి. దీనికి కొయ్య పూర్తిగా పొడిగా ఉండాలి. హార్డెనర్ ముందు పట్టిస్తే లైమ్ సల్ఫర్ ఇంకదు, కాబట్టి అది చివరనే. మిగులు ద్రవాన్ని వెంటనే తుడవకపోతే వికారమైన మెరుపు మిగులుతుంది.

జునిపర్ కొయ్య సహజంగానే గట్టిది కాబట్టి పొడి రోజుల్లో ఏడాదికి ఒకటి రెండు పూతలు చాలు. మేపుల్ లాంటి ఆకురాల్చే చెట్ల కొయ్య త్వరగా మెత్తబడుతుంది. ఎన్ని పూతలు వేసినా ఎక్కువ కాలం నిలవదు. వాటికి పెద్ద షారి చేయమని నేనెవరికీ చెప్పను.