ఎత్తు పెంచిన థార్‌తో ఏజెన్సీ చుట్టూ: టైర్లు, బసలు, పంచర్ షాపులు

హైదరాబాద్ నుంచి ఖమ్మం, భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి. అక్కడి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు. చివర విశాఖ. అక్టోబర్ నెలాఖరులో వెళ్లాం. వానలు తగ్గినా కొండల మీద మట్టి ఇంకా ఆరని రోజులవి. రెండు మహీంద్రా థార్ జీపులు, రెండూ లిఫ్ట్ చేయించినవే, అంటే సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచినవి. నాది ఏఎక్స్ మోడల్, 16 అంగుళాల డిస్కుల (టైరు ఎక్కించే చక్రాల) మీద 265/75 ఆర్16 ఆల్ టెరెయిన్ టైర్లు, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేవి. ఈ అంకెల్లో 265 టైరు వెడల్పు మి.మీ.లలో, 75 సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, 16 డిస్కు అంగుళాలు. మా బావది ఎల్ఎక్స్ మోడల్. కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల డిస్కులు తీసేసి, 17 అంగుళాలవి వేయించి, వాటి మీద 285/70 ఆర్17 మడ్ టెరెయిన్, అంటే బురద కోసం చేసిన టైర్లు ఎక్కించాడు. ఒకే దారిలో రెండు రకాల టైర్లు పక్కపక్కనే నడిచాయి కాబట్టి, ఎక్కడ ఏది పనికొచ్చిందో చూసే వీలు దొరికింది.

ముందు ఒక మాట. లిఫ్ట్ చేయించాలనుకునేవాళ్లు అందరూ అడిగేది ‘ఎన్ని అంగుళాలు?’ అనే. రెండు అంగుళాల లిఫ్ట్ వేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దారి మధ్యలో లేచిన రాయి ముందు తగిలేది దానికే. ఆ ఇరుసును పైకి లేపేది టైరు ఒక్కటే, అది కూడా వ్యాసంలో పెరిగినదాంట్లో సగమే. నా ఏఎక్స్‌కు కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 వ్యాసం సుమారు 774 మి.మీ., నా 265/75ది 804. అంటే ఇరుసు కింద నాకు దక్కింది 15 మి.మీ. బావకు 789 నుంచి 831కి పెరిగింది, దక్కింది 21 మి.మీ. అంత ఖర్చుకూ మా ఇద్దరికీ ఉన్న తేడా చిటికెన వేలి మందం కూడా లేదు. ఈ లెక్క చెబితే బావ వినడు. ‘చూడ్డానికి ఎట్లుందో చెప్పు’ అంటాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది.

టైరు పెరిగితే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. మీటర్లో 100 ఉంటే నా బండి అసలు వేగం దాదాపు 104, బావది 105. కిలోమీటర్ల మీటర్ కూడా అంతే వెనకబడుతుంది కాబట్టి, మైలేజీ లెక్కలో ఆ మేరకు కలుపుకోవాలి. చట్టం సంగతి కూడా తెలిసే ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. మమ్మల్ని దారిలో ఎవరూ ఆపలేదు. అంతమాత్రాన తలనొప్పి లేదనుకోవద్దు, క్లెయిమ్ వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

టైర్లు కొన్నది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. అక్కడ రేటు బేరమాడే ముందు సైడ్‌వాల్ మీద ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవండి. 1122 అని ఉంటే 2022లో 11వ వారం తయారైన టైరు. ఒక షాపులో నాకు చూపించిన సెట్లో మూడు కొత్తవి, రెండు బాగా పాతవి. ‘గోడౌన్లో నీడలోనే ఉన్నాయి సార్’ అన్నాడు. రబ్బరు నీడలో కూడా ముసలిదవుతుంది. పక్క షాపుకి వెళ్లాను. అక్కడ ఐదూ ఒకే నెలవి దొరికాయి. ఐదు అంటున్నది కావాలనే: ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండికి స్టెపినీ కూడా అదే సైజు ఉండాలి. నాలుగు చక్రాలూ కలిసి తిరిగేటప్పుడు ఒకటి చిన్నదైతే ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. మడ్ టెరెయిన్ పెద్ద సైజు స్టెపినీని వెనక తలుపుకు తగిలిస్తే ఆ బరువు కీళ్ల మీద ఎలా పడుతుందో బావ బండి గతుకుల్లో చప్పుడు చేసి మరీ చెప్పింది.

భద్రాచలం దాకా రాయడానికి పెద్దగా లేదు. నున్నటి రోడ్డు మీద మడ్ టెరెయిన్ మోత ఎక్కువ. అరవై దాటగానే మొదలై, ఎనభై దగ్గర పాటలు వినపడనంత పెరుగుతుంది. మా అక్క సూర్యాపేటలో టీకి దిగినప్పుడే నా బండిలోకి మారిపోయింది. భద్రాచలంలో గుడికి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, కానీ సందు ఇరుకు. ఎత్తు పెంచిన బండ్లతో వెళ్లేవాళ్లు సెల్లార్ పార్కింగ్ ఎత్తు ఎంతో ఫోన్లోనే కనుక్కోవాలి. మేం బయటే పెట్టుకున్నాం.

చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు జల్లు పడింది. తడి తారు, మలుపు మీద మలుపు, ఎదురుగా లారీలు. ఇక్కడే బావ టైరు బలహీనత బయటపడింది. మడ్ టెరెయిన్ గడ్డలు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు ఇంకా పెద్దవి. బురదలో బలమిచ్చేది ఆ ఖాళీలే. తారు మీదకొచ్చేసరికి నేలను తాకే రబ్బరు తగ్గిపోతుంది. పైగా ఆ గడ్డల మీద సన్నటి కోతలు తక్కువ, తడిలో పట్టు ఇచ్చేవి ఆ కోతలే. రెండు మలుపుల్లో వెనక చక్రం కొంచెం జారిందని బావే చెప్పాడు. ఆ తర్వాత మా మధ్య దూరం తనే పెంచాడు. నా ఆల్ టెరెయిన్ కూడా కారు టైరులా పట్టలేదు గానీ, గుండె గుభేల్‌మనలేదు.

మారేడుమిల్లిలో బస గురించి అడిగితే నా ఓటు వలమూరు దగ్గర వాగు ఒడ్డునున్న జంగిల్ స్టార్‌కే. అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే క్యాంపు. హంగులు కోరుకునేవాళ్లకు నచ్చదు. గదిలో కరెంటు, సిగ్నల్ రెండూ దాగుడుమూతలాడతాయి. వాగు చప్పుడు, చెట్ల నీడ, వేడి అన్నం మాత్రం పుష్కలం. సీజన్లో వారాంతానికి ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. ఊళ్లో ప్రైవేటు రిసార్టుల్లో వేడినీళ్లు, టీవీ ఉంటాయి, రాత్రి పాటల హోరు కూడా ఉంటుంది. బొంగు చికెన్ రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అమ్ముతారు. ముందే కాల్చి పెట్టింది కాకుండా మన కళ్లముందు పచ్చి బొంగులో కూరి, ఆకు బిరడా పెట్టి కాల్చేచోట తినండి. పచ్చి బొంగులో తడి ఉంటుంది, ముక్క ఎండిపోదు.

గుడిస కొండే ఈ యాత్రలో టైర్లకు అసలు పరీక్ష. తెల్లవారకముందే బయల్దేరాలి. చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టాలి. సొంత బండ్లను ఎంతవరకు వదులుతారన్నది సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే అడిగి పెట్టుకోండి. పుల్లంగి దాటాక దారి నిటారుగా, గుంతలతో, ఎర్రమట్టి బురదతో ఉంటుంది. మొదలుపెట్టే ముందే ఇద్దరం టైర్లలో గాలి తగ్గించాం, 32 పీఎస్ఐ నుంచి 20కి. నేను చూసినంతలో కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఇదే. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, రాయి మీద జారకుండా దాన్ని చుట్టుకుంటుంది, కుదుపు కూడా సగమవుతుంది. మామూలు డిస్కులైతే 15 కంటే కిందికి వెళ్లొద్దు, మలుపులో టైరు డిస్కు నుంచి ఊడి రావచ్చు.

మధ్యలో ఒక చోట బంకమట్టి ఎక్కుడు వచ్చింది. నా టైర్ల సందులు మట్టితో నిండిపోయి, నున్నటి రోలర్లలా తయారయ్యాయి. లో రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే గేర్లలో) వేసినా నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి మాత్రం పక్కకు పాకుతోంది. బావ ముందుకొచ్చి అదే గాడిలో ఆగకుండా ఎక్కేశాడు. ఆ పెద్ద సందుల్లోంచి మట్టి ముద్దలు ముద్దలుగా విసిరేస్తూ టైరు తనను తాను కడుక్కుంది. తాడు కట్టి నన్ను లాగాడు. అప్పుడు ఆయన ముఖం చూడాలి! ‘పదిహేను, ఇరవై మిల్లీమీటర్ల లెక్క చెప్తివి కదా బామ్మర్దీ, ఇప్పుడు చెప్పు’ అన్నాడు. చెప్పడానికేం లేదు. ఆ వంద గజాల్లో మడ్ టెరెయినే గెలిచింది.

కానీ అదే ఎక్కుడు మీద మా వెనకే మారేడుమిల్లి జీపు ఒకటి పదిమందిని ఎక్కించుకుని వచ్చింది. పాత మహీంద్రా, సన్నటి టైర్లు, గళ్లు లోతుగా ఉన్నవి. ఎక్కడా ఆగలేదు. సన్నటి టైరు పైనున్న మెత్తని బురదను కోసుకుని అడుగున గట్టి నేల మీద నిలబడుతుంది. వెడల్పు టైరు తేలుతుంది. ఇసుకలో తేలడం మంచిది, పలచటి బురదలో కాదు. డ్రైవర్‌ని అడిగితే, ‘మాకు వెడల్పు టైర్లెందుకు సార్, దారి తెలిస్తే చాలు’ అన్నాడు. గుడిస మీద గడ్డి మైదానం, మబ్బుల కింద లోయ, ఎండ పడగానే బంగారు రంగు. చూడాల్సిందే. సొంత బండి మీద మోజు లేనివాళ్లు ఆ జీపులు మాట్లాడుకోవడమే మేలు, రుసుము, దారి అన్నీ వాళ్లే చూసుకుంటారు.

దిగాక గాలి నింపుకోవడం ఇంకో పని. ఏజెన్సీ బంకుల్లో గాలి మిషన్ ఉన్నా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. సిగరెట్ సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ ఈ సైజు టైర్లకు ఆపసోపాలు పడుతుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేది కొనండి.

రంపచోడవరం నుంచి పాడేరు వైపు 516ఈ జాతీయ రహదారి. మేం వెళ్లినప్పుడు వెడల్పు చేసే పనుల వల్ల చాలా చోట్ల కొత్త కంకర పరిచి ఉంది. బురదకన్నా ఈ కంకరే ప్రమాదం. అంచులు కత్తుల్లా ఉంటాయి. కొయ్యూరు దాటాక ఒక సిటీ ఎస్‌యూవీ పక్కకు ఆగి ఉంది. ముందు ఎడమ టైరు సైడ్‌వాల్ నాలుగు వేళ్లు పట్టేంత చిరిగింది, లోపలి దారాలు బయటికి వచ్చాయి. ట్రెడ్‌లో (నేలను తాకే భాగంలో) మేకు దిగితే రబ్బరు స్ట్రిప్ పెట్టి సాగిపోవచ్చు, సైడ్‌వాల్ చిరిగితే టైరు మార్చడమే. ఆయన దగ్గర స్టెపినీ ఉంది, కానీ అది సన్నటి తాత్కాలిక చక్రం. పెద్ద డిస్కు, పలచటి సైడ్‌వాల్ ఉన్న సైజు నర్సీపట్నంలో దొరకలేదట, విశాఖ నుంచి రప్పిస్తున్నారు. నేను 16 అంగుళాల డిస్కు మార్చకపోవడానికి కారణం ఇదే. నా టైరు సైడ్‌వాల్ దాదాపు 199 మి.మీ., కంపెనీ 18 అంగుళాలదానికి 166. రాయి తగిలినప్పుడు ఒంగడానికి చోటుంటుంది. చిన్న ఊళ్లలో 16 సైజులు దొరికే అవకాశం కూడా ఎక్కువ.

మాకూ మేకు తగిలింది, చింతపల్లి ముందు. ఇక్కడ ఇంకో చిక్కు: లిఫ్ట్ చేయించిన బండికి కంపెనీ జాకీ అందదు. మేం చెక్క దిమ్మ తెచ్చుకున్నాం కాబట్టి సరిపోయింది. చింతపల్లి పంచర్ షాపులో కుర్రాడు నీళ్లు చల్లి, బుడగ చూసి, పావుగంటలో పని ముగించాడు. డబ్బులు సిటీలో తీసుకునేంతే తీసుకున్నాడు. వాల్వ్ కూడా కారుతోందని తనే కనిపెట్టి మార్చాడు. ఈ యాత్రలో దొరికిన మంచి సర్వీసు అదే.

లంబసింగిలో గుడారాల్లో దిగాం. అది మాత్రం దండగ. ఫోటోలో చూపించిన చోటు ఒకటి, ఇచ్చింది రోడ్డు పక్కన ఇంకొకటి. దుప్పట్లు తడిగా ఉన్నాయి, పదిమందికి ఒకే బాత్రూమ్. పొగమంచు కోసం వచ్చేవాళ్లు డిసెంబర్, జనవరిలో రావాలి. అక్టోబర్‌లో చలి పలకరిస్తుందంతే. పాడేరులో మామూలు లాడ్జి తీసుకుని తెల్లవారుజామున వంజంగి వెళ్లడం మాకు హాయిగా అనిపించింది. చివరి ముక్క కాలినడకే కాబట్టి అక్కడ ఏ టైరైనా ఒకటే. సూర్యుడు లేచేసరికి మబ్బుల సముద్రం, దాని ముందు సెల్‌ఫోన్ల సముద్రం. ఆదివారం వద్దు.

అరకులో వలిసె పూలు విచ్చుకున్నాయి. పొలాల్లోకి దిగి ఫోటో తీసుకుంటే రైతులు కొంత డబ్బు అడుగుతారు, ఇవ్వండి, పైరు తొక్కేది మనమే. పర్యాటక సంస్థ హరిత గదులు పాతవైనా విశాలంగా ఉన్నాయి, బండ్లు పెట్టుకోవడానికి చోటు బోలెడు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బరువైన టైర్ల వల్ల బ్రేకు ఆలస్యంగా అందుకోవడం నాక్కూడా తెలిసింది. తక్కువ గేర్లో దిగాం.

విశాఖలో వీల్ అలైన్‌మెంట్ చూపించాం. లిఫ్ట్ తర్వాత ముందు చక్రాల కోణాలు మారతాయి, గతుకుల్లో ఇంకా తప్పుతాయి. నాది స్వల్పంగా సరిచేస్తే సరిపోయింది. బావ ముందు టైర్లు లోపలి అంచులో అప్పుడే అరిగాయి, పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకున్న గుర్తులు. నా సలహా అడిగాడు. ఏడాదిలో రెండు మూడుసార్లు గుడిసలాంటి కొండ ఎక్కి, మిగతా రోజులన్నీ హైదరాబాద్‌లో ఆఫీసుకు తిరిగే బండికి ఆల్ టెరెయిన్, 265 దాటకుండా, సాధ్యమైతే చిన్న డిస్కు మీద అన్నాను. వానాకాలమంతా అడవిలో తిరిగేవాళ్లకైతే మడ్ టెరెయిన్, కానీ సన్నటిదే. విన్నాడు, తలూపాడు. తిరుగు ప్రయాణంలో అక్క నా బండిలోనే కూర్చుంది.