విషమా, బోనా, గుడ్లగూబా: నాపా ద్రాక్షతోటల్లో ఏది మేలు?

కాలిఫోర్నియాలోని నాపా లోయలో ద్రాక్ష రైతుకు అసలు తలనొప్పి భూమి లోపల ఉంటుంది. దాని పేరు గోఫర్. మన పందికొక్కులాగే సొరంగాలు తవ్వుకుంటూ పోయి లేత తీగల వేర్లు కొరికేస్తుంది. నాటిన మొదటి రెండు మూడేళ్లలో ఈ దెబ్బ తగిలితే తీగ కోలుకోవడం కష్టం. దీనికి తోడు వోల్ అనే పొట్టి తోక ఎలుక, నేల మట్టంలో కాండం చుట్టూ బెరడు ఒలిచేస్తుంది. వీటిని అదుపు చేయడానికి అక్కడి రైతుల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: విషపు ఎర, బోను, గుడ్లగూబ పెట్టె.

విషం సంగతి ముందే తేల్చేద్దాం. మనుషులు ఎక్కువమంది అక్కర్లేదు, పెద్ద తోటంతా త్వరగా చుట్టేయవచ్చు. అందుకే దానికి గిరాకీ. కానీ రక్తం గడ్డకట్టకుండా చేసే డైఫాసినోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలా తిరిగేదే గుడ్లగూబకో, డేగకో, నక్కకో సులువుగా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో తిరిగిన పి-22 అనే కొండసింహాన్ని 2014లో పట్టి పరీక్షిస్తే ఒళ్లంతా గజ్జి, రక్తంలో ఇవే మందుల ఆనవాళ్లు కనిపించాయి. విషం ఎలుక దగ్గర ఆగకుండా అంతదాకా పాకుతుంది. కాలిఫోర్నియా 2021లో ఈ రకం మందుల్లో బాగా బలమైన వాటికి, 2024లో డైఫాసినోన్‌కు పగ్గాలు వేసింది. అయితే వ్యవసాయానికి మినహాయింపు ఉంది. అంటే తోటలో వాడాలా వద్దా అన్నది ఇప్పటికీ రైతు చేతిలోనే ఉంది. నా మాట అడిగితే, వద్దు.

బోను కష్టమైన పని, కానీ నిజాయితీ గల పని. గోఫర్ తోడిపోసిన మట్టికుప్ప అర్ధచంద్రాకారంలో ఉంటుంది, ఒక పక్కన మట్టితో మూసిన బెజ్జం కనిపిస్తుంది. ఆ పక్కగా సన్నటి ఇనుప చువ్వ గుచ్చుకుంటూ పోతే ఒకచోట చువ్వ ఒక్కసారిగా లోపలికి జారుతుంది. అదే అసలు సొరంగం. అక్కడ తవ్వి, రెండు వైపులకీ ముఖం పెట్టి రెండు బోన్లు అమరుస్తారు. పడింది గోఫరేనని తెలుస్తుంది, వేరే జీవికి హాని దాదాపు ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎలుకలు పట్టే యానాదులకు ఈ పనితనం విలువ చెప్పక్కర్లేదు. లోపం ఒక్కటే: కూలి ఖర్చు. వందల ఎకరాల తోటలో రోజూ బోన్లు చూసుకోవడం అందరికీ అయ్యేది కాదు.

ఇక గుడ్లగూబ. నాపాలో చాలా తోటల్లో ఎత్తైన గుంజల మీద చెక్కపెట్టెలు కనిపిస్తాయి. అవి బార్న్ ఔల్ జాతి గుడ్లగూబల కోసం పెట్టినవి. కాల్ పాలీ హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో మాట్ జాన్సన్ బృందం ఏళ్ల తరబడి ఈ పెట్టెల్ని గమనిస్తోంది. వాళ్ల అంచనా ప్రకారం పిల్లలున్న ఒక గుడ్లగూబ కుటుంబం ఏడాదికి 3,400 పైచిలుకు ఎలుకజాతి జీవాల్ని తింటుంది. తిన్నాక అరగని ఎముకలు, బొచ్చు ఉండలుగా కక్కేస్తుంది. రైతు ఏడాదికోసారి పెట్టె శుభ్రం చేసేటప్పుడు ఆ ఉండలు విప్పి చూస్తే ఏం తిన్నదీ పుర్రెలతో సహా లెక్క దొరుకుతుంది. మన దగ్గర గుడ్లగూబ వాలితే అపశకునమని తరిమేస్తారు. ఇదే రకం గుడ్లగూబ మన పొలాల్లోనూ ఉంది, ఎలుకల్నే తింటుంది. దాన్ని తరమడం రైతు నష్టాన్ని రైతే కొనితెచ్చుకోవడం.

అయితే పెట్టె కొట్టేస్తే పని అయిపోదు. ఈ పక్షులు వేటాడే సమయంలో మూడో వంతే ద్రాక్షతోటలో గడుపుతాయని ఆ పరిశోధనల్లో తేలింది. మిగతా వేట పచ్చిక బయళ్లలో, ఓక్ చెట్ల కింద, వాగు గట్ల మీద. కొందరు దీన్ని పెట్టెల వైఫల్యంగా చూస్తారు. నాకు అలా అనిపించదు. ఆ బయళ్లు ఉంటేనే గూడు నిలుస్తుంది, పిల్లలు బతుకుతాయి, ఆ మూడో వంతు వేట తోటకు దక్కుతుంది. ఇంకో నాలుగు వరసల కోసం చివరి ఓక్ చెట్లు కొట్టేసిన రైతు పెట్టెలు ఎన్ని కట్టినా ఖాళీగానే ఉండొచ్చు. పక్క తోటవాడు విషం పెట్టినా మీ గూడే పోతుంది, ఎందుకంటే పక్షికి గట్లు తెలియవు.

కాబట్టి కొత్తగా నాటిన తోటకు బోను తప్పదు, గుడ్లగూబల్ని నమ్ముకుని రెండేళ్లు ఎదురుచూసేంత తీరిక లేత తీగకు లేదు. ఎదిగిన తోటకు పెట్టెలు, గోఫర్లు మరీ పెరిగినచోట మాత్రం బోన్లు.

బయళ్లు వదిలితే కొయోట్ అనే నక్కలాంటి జంతువు కూడా వస్తుంది. ద్రాక్ష ఒక్కటే ఉన్న రైతుకు మంచిదే, అది గోఫర్లనీ తింటుంది. అప్పుడప్పుడు డ్రిప్ పైపులు కొరికినా ఓర్చుకోవచ్చు. గొర్రెలున్నవాడికే టెన్షన్. చలికాలంలో వరసల మధ్య పెరిగే గడ్డి మేపడానికి నాపాలో, దాని పక్కనే ఉన్న సొనోమాలో గొర్రెల్ని దించడం మామూలే. తెలంగాణలో పొలంలో మంద కట్టించినట్టు అక్కడా గడ్డి పోతుంది, ఎరువు మిగులుతుంది. చిగురు పుట్టేలోగా మందను బయటికి తోలేయాలి. రాగి కలిసిన తెగులు మందు కొట్టిన తోటలో మరింత జాగ్రత్త, రాగి గొర్రెలకు పడదు.

మరి కొయోట్‌ని కాల్చాలా, కుక్కల్ని పెంచాలా? కాలిఫోర్నియాలోనే ఉన్న మారిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2000 ప్రాంతంలో ప్రభుత్వ వేటగాళ్ల మీద ఆధారపడటం మానేసి, ఆ డబ్బు కాపలా కుక్కలకు, కంచెలకు మళ్లించింది. నా ఓటు కూడా కుక్కలకే, ఒకదాన్ని కాల్చితే ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది. కానీ గ్రేట్ పిరనీస్ లాంటి కాపలా జాతి కుక్కను పిల్లగా ఉన్నప్పటి నుంచే గొర్రెల మధ్య పెంచాలి, తిండికీ వైద్యానికీ ఏడాది పొడవునా ఖర్చు పెట్టాలి. మంద పది గొర్రెలే అయితే కుక్క దాకా వెళ్లొద్దు. కరెంటు కంచె వేసి, రాత్రిళ్లు దొడ్లో కట్టేస్తే చాలు.